మడతపెట్టేవాళ్ల కరపత్రం

వదినకు సొంత పేరొకటి ఉండేది. పెళ్లయిన కొత్తలోనే అది వాడుకలోంచి పోయింది. సంఘాలవాళ్లంతా ఆవిడ భర్తను పెద్దన్న అని పిలిచేవాళ్లు కాబట్టి, ఎవరూ అడక్కుండానే ఆవిడ అందరికీ వదిన అయిపోయింది. ఆవిడకంటే వయసులో బాగా పెద్దవాళ్లు కూడా గుమ్మంలో అడుగు పెడుతూనే "వదినా, కాస్త టీ" అని కేకేసేవాళ్లు. ఈ చుట్టరికమంతా టీ కోసమేనని కాపురానికొచ్చిన కొద్ది రోజులకే ఆవిడకు అర్థమైంది.

అంతకుముందు ఆవిడ ఒక రెడీమేడ్ బట్టల కంపెనీలో టైపిస్టు. ఆఫీసు పై అంతస్తులో, కుట్టుమిషన్లు కింద హాల్లో. పొద్దున మిషన్లు మొదలవగానే హాలు తలుపుకి బయటనుంచి తాళం పడేది. గుడ్డపీలిక కూడా గడప దాటకూడదని యజమాని ఉద్దేశం. తాళంచెవి వాచ్‌మన్ నడుముకి వేలాడుతుండేది. ఒక మధ్యాహ్నం మూల పోసిన గుడ్డముక్కల గుట్ట అంటుకుంది. వాచ్‌మన్ భోజనానికి పోయాడు. తాళంచెవి కూడా అతనితోపాటే భోజనానికి పోయింది. అతను పరుగెత్తుకొచ్చి తలుపు తీసేలోగా హాలంతా పొగ కమ్మేసింది. ఒకామె కిటికీలోంచి దూకి కాలు విరగ్గొట్టుకుంది. మిగిలినవాళ్లు దగ్గుకుంటూ, కక్కుకుంటూ బయటపడ్డారు. మర్నాడు మేనేజరు పైకొచ్చి, కార్మికుల అజాగ్రత్త వల్ల కంపెనీకి జరిగిన నష్టం గురించి ఒక నోటీసు చెప్పి టైపు చేయించాడు. అప్పుడు అతని మొహంలో ఉన్న విసుగు ఆవిడ జన్మలో మరిచిపోలేదు. మనుషులు కాలిపోబోయినందుకు కాదు ఆ విసుగు, భోజనం ఆలస్యమైనందుకు.

తర్వాత కొన్నాళ్లకు ఊళ్లో ఒక కరపత్రం తిరిగింది. పైన 'తాళం ఎవరి చేతిలో ఉంది?' అని పెద్ద అక్షరాలు. కింద నాలుగైదు పొట్టి వాక్యాలు. మంట ఎక్కడ మొదలైంది, తలుపు ఎవరు వేశారు, తాళంచెవి ఆ సమయానికి ఎక్కడుంది, దూకినామె ఇప్పుడు ఏ ఆసుపత్రిలో పడి ఉంది. అందులో తిట్టు ఒక్కటి లేదు. బస్సుల్లో, మందుల షాపుల దగ్గర, ఆసుపత్రి వరండాల్లో అది చేతులు మారింది. ఆ కంపెనీ బట్టలు అమ్మే పెద్ద దుకాణాలవాళ్ల బల్లల మీదికీ చేరింది. అక్కణ్నుంచి ఫోన్లు మొదలయ్యాక, మేనేజరు ఆ కాగితాన్ని కొసలు పట్టుకుని, కాలుతున్నదాన్ని పట్టుకున్నట్టు పట్టుకుని, చొక్కా చేతులతో చెమట తుడుచుకోవడం ఆవిడ కళ్లారా చూసింది. ఆ నెల తిరక్కుండా తాళం పోయింది. పక్కగోడకి ఇంకో తలుపు కూడా వచ్చింది.

అరచేతంత కాగితం అంత పని చేస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఎవరు రాశారని ఆరా తీసింది. కింద 'పెద్దన్న' అని ఉంది. వెళ్లి చూసింది. గుబురు గడ్డం, గంభీరమైన గొంతు, ఇస్త్రీ ఎరగని చొక్కా. కాగితాన్ని చూసి మనిషిని కట్టుకుంది.

మనిషి సంగతి తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పెద్దన్నకు ప్రపంచంలో ఉన్న అన్యాయాలన్నీ కనిపించేవి, తాగి పక్కన పెట్టిన టీ గ్లాసు తప్ప. అది ఎలా లోపలికి వెళ్తుందో, ఎలా కడిగి మళ్లీ వస్తుందో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. పనిగంటల గురించి రాసేటప్పుడు భార్యను వేకువనే లేపి స్టెన్సిల్ కొట్టించేవాడు. విశ్రాంతి కార్మికుడి జన్మహక్కు అన్న వాక్యం టైపు చేస్తూ చేస్తూ ఆవిడ ఒకసారి మిషన్ మీదే కునికింది. "అక్షరం తప్పు పడిందోయ్" అన్నాడాయన. అంతే అన్నాడు.

ఇంట్లో ముందుగది సైక్లోస్టైల్ మిషన్‌ది. మైనపు స్టెన్సిల్ మీద రిబ్బను లేకుండా టైపు కొట్టి, దాన్ని డ్రమ్ముకి తొడిగి, సిరా పూసి, పిడి తిప్పితే కాగితాలు ఒకటొకటిగా బయటపడేవి. మొదట పడే కాగితాలు మరకలమయం. వాటిని పారేయకుండా వదిన అరల్లో, కంచాల కింద, డబ్బాల అడుగున పరిచేది. వెనకగది పెద్దన్నది. అందులో ఫ్యాను, బల్ల, కుర్చీ, పడక, పుస్తకాలు. ముందుగదిలో ఫ్యాను లేదు. కాగితాలు ఎగిరిపోతాయని ఆయన వాదన. వాదన నిజమే. కాగితాలు ఎగిరిపోకుండా ఉండేందుకు మనుషులు ఉడికిపోవాలన్న ముక్క మాత్రం ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

ఆ ముందుగదిలో నేలమీద కూర్చుని కరపత్రాలు మడతపెట్టి, కట్టలు కట్టే ఆడవాళ్లు ముగ్గురుండేవాళ్లు. ఒకావిడ ఆ లోగిలిలోనే చివరిగదిలో అద్దెకుండే ముసలావిడ, అందరికీ పిన్ని. ఇంకొకామె ఎదురింటి కోడలు, అత్తగారి కళ్లుగప్పి వచ్చిపోయే పిల్ల. మూడో ఆమె పొడుగామె. గుమ్మంలోంచి రావాలంటే తల వంచేది, అందుకని ఆ పేరు. ఒకప్పుడు ఆ బట్టల కంపెనీలోనే కుట్టేది. తాళం గురించిన కరపత్రం గేటు దగ్గర పంచుతూ దొరికిపోయినందుకు ఆమెను తీసేశారు. పెద్దన్నే దగ్గరికి తీశాడు. "ఉద్యమం నిన్ను వదులుకోదమ్మా" అన్నాడు. ఉద్యమం ఆమెను వదులుకోలేదు నిజమే. నేలమీద కూర్చోబెట్టి, నెలాఖరున చేతిలో ఏదో కొంత పెట్టి, "ఇది కూలి కాదు, తోడ్పాటు" అని చెప్పింది.

మొదట్లో అవన్నీ సంఘాల కరపత్రాలే. పోనుపోను బయట సంస్థలు వచ్చాయి. చేతులు కడుక్కోండి, నీళ్లు పొదుపు చెయ్యండి, పిల్లల్ని పనికి పంపకండి. సంస్థలవాళ్లు కార్లో దిగి, ముక్కుకి రుమాలు అడ్డుపెట్టుకుని సిరావాసన భరిస్తూ, ఆర్డరు చెప్పి, అచ్చుకీ మడతకీ కలిపి డబ్బిచ్చి పోయేవాళ్లు. పెద్దన్నకు స్కూటరు వచ్చింది. "తిరగాలి కదా" అన్నాడు. మడతలకి మాత్రం ఇంకా ఉద్యమమే నడుస్తోంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఆయన వాక్యం. పెద్దన్నకు వాక్యం ఒక పట్టాన రాదు. పొద్దున కల్లా రాసిస్తానంటాడు. ఆడవాళ్లు ఇంట్లో పని ముగించుకుని పరుగున వచ్చి కూర్చుంటారు. ఆయన వెనకగదిలో పచార్లు చేస్తుంటాడు. ఒక మాట రాస్తాడు, కొట్టేస్తాడు, సిగరెట్ వెలిగిస్తాడు. మధ్యాహ్నం దాటుతుంది. కాగితం రాదు. "రేపు రండమ్మా, ఇవాళ భావం కుదర్లేదు" అంటాడు. భావం కుదరని రోజు నెలాఖరు లెక్కలో సున్నా.

ఒక వేసవిలో ఒక పెద్ద సంస్థ ఆయనకు కొత్త కరపత్రం ఒప్పజెప్పింది. ఇళ్ల దగ్గర కూర్చుని వస్తువులు తయారుచేసే ఆడవాళ్ల శ్రమ గురించి. ఆ సంస్థకు అధ్యక్షుడు ఒక లెక్చరరు. మెత్తటి మాట, మెత్తటి చెప్పులు, ఏ సభలోనైనా సరైన చోట కళ్లు తుడుచుకోగల నేర్పు. ఆ కరపత్రాన్ని విడుదల చేసే సభలోనే పెద్దన్నకు అభినందన కూడా చేస్తామని ఆయన చెప్పి వెళ్లాడు. దాంతో పెద్దన్నకు వాక్యం మరీ కష్టమైంది. అభినందన జరగబోయే మనిషి మామూలు వాక్యం రాస్తే ఏం బావుంటుంది?

ఎట్టకేలకు ఒక పొద్దున ముందుగదిలోకి వచ్చి, గుమ్మానికి ఆనుకుని, ఆడవాళ్లకే చదివి వినిపించాడు. "గోడల మధ్య, కంటికి కనిపించకుండా, సంఘం లెక్కలోకి రాకుండా కరిగిపోయే స్త్రీ శ్రమ..."

పిన్ని మడత ఆపి తలెత్తింది. "బాబూ, మేం కూడా అందులోకి వస్తామా?"

పెద్దన్న నవ్వాడు. చిన్నపిల్లల అమాయకత్వానికి నవ్వే నవ్వు. "మీరు కార్మికులు కాదు పిన్నీ. కార్యకర్తలు."

"అంటే?"

"అంటే నమ్మకంతో పనిచేసేవాళ్లు."

"అంటే కూలి అడగనివాళ్లు పిన్నీ" అంది వదిన, టైపు మిషన్ మీంచి తల ఎత్తకుండా.

ఆయన ఆ మాట వినిపించుకోలేదు. "కాస్త చప్పుడు తగ్గించండమ్మా, ముగింపు రాసుకోవాలి" అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

తర్వాత పొడుగామె కాగితాల దొంతిని ఒళ్లోంచి కిందికి దించి అంది: "ఈయనెప్పుడూ ఇంతే వదినా. ఆ తాళం కరపత్రం అప్పుడూ ఇంతే. 'నిర్బంధ శ్రమ' అనీ, 'లోహ సంకెల' అనీ ఏదో రాసుకొచ్చాడు. మా వాళ్లకి ఒక్క ముక్క అర్థంకాలా. ఏడుపొకటే తక్కువ. చివరికి మేమే ఆసుపత్రిలో చుట్టూ కూర్చుని ఇది రాయి, అది రాయి అని చెప్పాం. తాళం ఎవరి చేతిలో ఉందని అడిగింది ఆ కాలిరిగినామె. మంచం మీద పడుకుని అడిగింది. ఈయన కింద పేరు పెట్టుకున్నాడు."

వదిన చేతులు మిషన్ మీద ఆగిపోయాయి. "ఆ వాక్యాలు ఆయనవి కావా?"

"ఒక్క కామా ఆయనదేమో."

వదిన పొడుగామె వైపు తిరిగింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఎదురింటి కోడలు భయపడి మంచినీళ్లు తేబోయింది. "అంటే ఇన్నేళ్లుగా నేను వేరేవాళ్ల మొగుడితో కాపురం చేస్తున్నానన్నమాట" అంది వదిన. "నేను చేసుకోవాల్సింది ఆ కాలిరిగినామెని."

నవ్వు ఆగాక మొహం మారిపోయింది. ఆవిడ అంతవరకు భర్త మీద చిరాకు పడింది, విసుక్కుంది, ఎన్నిసార్లో మొహం తిప్పుకుంది. చీదరింపు మాత్రం ఆ రోజే పుట్టింది. మగాడు పని చెయ్యకపోయినా భరించొచ్చు, గొప్పలు పోయినా భరించొచ్చు. మంచం మీద పడి ఉన్న మనిషి అడిగిన ప్రశ్నని ఎత్తుకెళ్లి దానిమీద గడ్డం పెంచుకున్నవాణ్ని ఏం చెయ్యాలి?

కొత్త స్టెన్సిల్ ఒకటి మిషన్‌లోకి ఎక్కించింది. "చెప్పండి" అంది.

"ఏం చెప్పమంటావ్?" అంది పిన్ని.

"మీకేం కావాలో అది. ఇన్నేళ్లు ఊరందరి సంగతులూ కొట్టాను. మన సంగతి కూడా ఒక పేజీకి సరిపోతుందేమో చూద్దాం."

పిన్ని తనకు బల్ల కావాలంది. నేలమీద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తోందంది. ఎదురింటి కోడలు గొంతు తగ్గించి, ఎదురుచూసిన రోజుకి కూడా ఏదో ఒకటి ఇస్తే బావుంటుందంది. "ఏదో ఒకటి కాదు, కూలి" అంది పొడుగామె. ఉద్యమం కాగితాలైతే సగం కూలికి చేద్దాం, కార్లో దిగేవాళ్ల కాగితాలకి మాత్రం పూర్తి కూలి తీసుకోవాల్సిందేనని కూడా ఆమే అంది. వదిన వాళ్ల మాటలు వాళ్లవిగానే కొట్టింది.

'పెద్దన్నగారి ఇంట్లో కరపత్రాలు మడతపెట్టే ఆడవాళ్లం చెప్పేదేమంటే: మేం పొద్దున్నే వచ్చి నేలమీద కూర్చుంటాం. నడుములు పడిపోతున్నాయి. అన్నగారు రాసేదాకా ఎదురుచూస్తాం. ఆ ఎదురుచూపుకి కూలి లేదు. సంస్థలు మడతకి డబ్బిస్తాయి. అది అన్నగారికి అందుతుంది, మాకు మాత్రం ఉద్యమం అందుతుంది. మాకు బల్లలు కావాలి. కట్టకింత అని కూలి కావాలి. ఎదురుచూసిన పూటకీ కూలి కావాలి.'

మొదట పడిన మరకల కాగితాన్ని వదిన ఆ మధ్యాహ్నమే భర్త కంచం కింద పరిచింది. కావాలనే పరిచింది. ఎదురుగా చెప్పడం చేతకాక కాదు. నోటితో చెబితే ఆయన చెవిన పెట్టడు, అచ్చులో కనిపిస్తే చదవకుండా ఉండలేడు.

ఆయన రెండు ముద్దలు తిని, కంచం కిందినుంచి తొంగిచూస్తున్న తన పేరు చూసుకున్నాడు. కంచం పక్కకి జరిపాడు. చదివాడు. అవతలిగదిలో మడత చప్పుడు ఆగిపోయింది. అరుస్తాడని, కంచం విసిరేస్తాడని, కనీసం బాధపడతాడని వదిన అనుకుంది. ఏదైనా సరే, కాచుకునే ఉంది.

"ఎవరు రాశారిది?"

"మేమే."

"అది కనిపిస్తూనే ఉందిలే." ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. "నడుములు పడిపోతున్నాయేమిటి? ఇది కరపత్రమా, నొప్పుల తైలం ప్రకటనా? 'శ్రమశక్తి క్షీణిస్తోంది' అనాలి. బల్లలట, బల్లలు. 'ఆసన వసతి.' ఎదురుచూసిన పూటకి ఏమిటి... 'నిరీక్షణా కాలానికి వేతనం.' ఆఁ. ఇది బావుంది. ఇది చాలా బావుంది."

వదిన కళ్లప్పగించి చూస్తోంది. తన మీద వచ్చిన ఫిర్యాదుని ఆయన విద్యార్థి వ్యాసాన్ని దిద్దినట్టు దిద్దుతున్నాడు. దిద్దుతూ దిద్దుతూ ఎక్కడో ఆగాడు. కళ్లు మెరిశాయి. చెయ్యి కూడా కడుక్కోకుండా కాగితం పట్టుకుని వెనకగదిలోకి పోయాడు. ఎన్నాళ్లుగానో కుదరని భావం ఆయనకు ఆ పూట ఇట్టే కుదిరింది.

సాయంత్రానికి ముందుగదిలోకి వచ్చి చదివాడు. "శ్రమను గౌరవించమని లోకానికి చెప్పిన నేను, నా గడప లోపలి శ్రమను చూడలేకపోయాను. ఇది నా ఆత్మవిమర్శ..." వీళ్ల బల్లలు, వీళ్ల కూలి, వీళ్ల ఎదురుచూపు అన్నీ అందులో ఉన్నాయి, బరువైన మాటలు తొడుక్కుని. ఒప్పుకోలు ఎంత పెద్దదైతే ఒప్పుకున్నవాడు అంత పెద్దవాడవుతాడు కాబట్టి ఆయన ఏదీ తగ్గించలేదు. ముగింపు గంభీరంగా ఉండాలని, 'వచ్చే నెల మొదటి రోజునుంచే నా ఇంట ఇది అమలు' అని కూడా తగిలించాడు. కింద పేరు.

"సభలో ఇదే చదివిస్తా" అన్నాడు. "ఎలా ఉంది?"

"మా కాగితం మీద మీ పేరు బాగా నప్పింది" అంది వదిన.

"నీకు వెటకారం ఎక్కువైందోయ్. స్టెన్సిల్ కొట్టు."

"నేను కొట్టను."

ఆయనకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత తానే కొట్టుకుంటానని మిషన్ ముందు కూర్చున్నాడు. మైనపు కాగితం చీల్చాడు. ఇంకొకటి పెట్టి, సిరా గొట్టం తలకిందులుగా నొక్కాడు. గడ్డానికి సిరా అంటింది. ఆడవాళ్లు నలుగురూ వరసగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, సినిమా చూసినట్టు చూశారు. చివరికి స్కూటరెక్కి బజారులో ప్రెస్సుకి పోయి, మంచి తెల్ల కాగితం మీద, వేలకొద్దీ వేయించుకొచ్చాడు.

పొడుగామె ఆ కట్టల్ని కాలితో పక్కకి నెట్టింది. "మళ్లీ ఎత్తుకుపోయాడు వదినా. మనం మనదే సభ గేటు దగ్గర పంచేద్దాం."

వదిన ఆ తెల్ల కాగితాన్ని మళ్లీ మళ్లీ చదివింది. "వద్దు" అంది. "మనం పంచితే మన గోల అంటారు. ఇది ఆయన రాసింది, ఆయన వేయించింది. కింద ఆయన పేరుంది. ఈసారి పేరు పెట్టుకోనివ్వు. ఎంత పెద్ద అక్షరాల్లో పెట్టుకుంటే అంత మంచిది."

సభ మునిసిపాలిటీ హాల్లో జరిగింది. వేదికమీద పూలకుండీలు, నీళ్ల సీసాలు, వెనక పెద్దన్న బొమ్మ. ముందు వరసల్లో సంస్థలవాళ్లు, వాళ్ల వెనక సంఘాలవాళ్లు, చిట్టచివర మడతపెట్టే ఆడవాళ్లు. కరపత్రాన్ని లెక్చరరే చదివాడు. 'నా గడప లోపలి శ్రమ' దగ్గర ఆగి, కళ్లజోడు తీసి, అనుకున్న చోటే కళ్లు తుడుచుకున్నాడు. "ఇంతటి నిజాయితీ, ఇంతటి వినమ్రత! తన్ను తాను బోనులో నిలబెట్టుకున్న మహామనిషి!" హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఎవరి నడుములు పడిపోయాయో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. చెక్క జ్ఞాపిక చేతిలో పట్టుకుని పెద్దన్న తలవంచి నిలబడ్డాడు. ఆ వంచడం ముందురోజు అద్దం ముందు వంచి చూసుకున్నదేనని వదినకి తెలుసు.

చప్పట్లు తగ్గుతుండగా ఆవిడ లేచి నడవలోంచి ముందుకొచ్చింది. వదిన కదా, రెండు మంచిమాటలు చెబుతుందని ఎవరో మైకు అందించారు.

"అందరికీ నమస్కారం. మావారు రాసింది విన్నారు, చప్పట్లు కూడా కొట్టారు. లెక్చరరుగారు కళ్లనీళ్ల వల్ల చివరి ముక్క సరిగ్గా చదవలేదు. అది మళ్లీ ఒకసారి గట్టిగా చదవమనండి."

లెక్చరరు తడబడి చదివాడు. "వచ్చే నెల మొదటి రోజునుంచే నా ఇంట ఇది అమలు."

"ఆ మడతపెట్టేవాళ్లు వెనకే కూర్చుని ఉన్నారు. లేచి నిలబడండమ్మా, కనిపించనివ్వండి. ఏమండీ, వడ్రంగిని ఎప్పుడు రమ్మంటారో, కట్టకి ఎంత ఇస్తారో ఈ మైకులోనే చెప్పెయ్యండి. ఇంటికెళ్లాక మళ్లీ మీకు భావం కుదరకపోవచ్చు."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. పెద్దన్న మైకు దగ్గరికొచ్చాడు. "అంటే... అది ఒక స్ఫూర్తిగా తీసుకోవాల్సిన..."

"స్ఫూర్తి మీద కూర్చోలేం బాబూ" అంది పిన్ని వెనకనుంచి. మైకు లేకపోయినా ఆ మాట గోడలదాకా వినిపించింది. "బల్ల కావాలి."

ఈసారి నవ్వు ఆగలేదు. సంఘాలవాళ్లే ఎక్కువగా నవ్వారు. వాళ్లలో చాలామంది ఆ ఇంట్లో టీలు తాగినవాళ్లే. నవ్వడానికి కూడా వాళ్లకి అర్హత లేదనుకుంది వదిన. పెద్దన్న మొహం ఎర్రబడింది, తెల్లబడింది. "రేపే" అన్నాడు. పొడుగామె అంతటితో వదల్లేదు. లెక్చరరు సంస్థ కాగితాలు కూడా తామే మడతపెడుతున్నామనీ, ఇకనుంచి ఆ మడతకూలి తమ చేతికే ఇమ్మనీ అడిగింది. ఆయన కళ్లజోడు కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. కళ్లజోడు ముక్కుమీదే ఉంది.

బల్లలు వచ్చాయి. కూలి వచ్చింది. మొదటి నెల్లోనే పెద్దన్న జారుకోబోయాడు. కట్ట అంటే ఏమిటో ముందు నిర్వచించుకోవాలన్నాడు. ఆడవాళ్లు ఆయన తెల్ల కాగితాన్నే గోడకి అతికించి ఉంచారు. పొడుగామె పని ఆపి, వేలితో పేరు వైపు చూపించింది. ఆయన ఇచ్చాడు. ఎదురుచూపుకి డబ్బు పోతోందని తెలిశాక ఆయన వాక్యాలు కూడా వేళకు తయారవడం మొదలుపెట్టాయి. వాక్యాలేమీ చెడిపోలేదు. అంతకుముందు ఉన్నంతగానే ఉన్నాయి.

పిన్ని మాత్రం బల్లమీద కూర్చుంటే కాళ్లు వేలాడి తిమ్మిరెక్కుతున్నాయని మళ్లీ నేలమీదే కూర్చుంది. పెద్దన్న దాన్ని పట్టుకున్నాడు. "చూశారా? దీనికోసమా నన్ను నలుగురిలో..."

"నేలమీద కూర్చోవడం నా ఇష్టం బాబూ" అంది పిన్ని. "బల్లమీద నా టీ గ్లాసు పెట్టుకుంటా. దాన్ని తియ్యకు."

పెద్దన్న ఆత్మవిమర్శ ఊళ్లు తిరిగింది. వేరే ఊళ్ల సంస్థలు ఆయన్ను పిలిచి, నిజాయితీ మీద ఉపన్యాసాలు ఇప్పించుకున్నాయి. రానుపోను రైలు టిక్కెట్లు, బస, మళ్లీ చెక్క జ్ఞాపికలు. ఇంటికొచ్చినప్పుడు, వచ్చినవాళ్లకు ముందుగదిలో బల్లలు చూపించి, "ఇవి నా ఆలోచనే" అనేవాడు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు పొడుగామె వదిన మొహంలోకి చూసింది. వదిన పిడి తిప్పుతూనే ఉంది. కాదనడానికైనా ఆ మనిషితో మాట్లాడాలి కదా. ఆవిడకు అంత ఓపిక ఖర్చు చెయ్యాలనిపించలేదు. కొన్నాళ్లకు ఆయన ఏదో సంస్థ అతిథిగృహంలో శాశ్వతంగా మకాం పెట్టాడు. వెనకగది ఖాళీ అయింది. ఫ్యాను ముందుగదిలోకి వచ్చింది. కాగితాల మీద ఇటుకముక్కలు పెట్టుకుంటే ఎగరవని అప్పుడు తేలింది.

ఆ తర్వాత ఆ ఇంటికి వేరే రకం మనుషులు రావడం మొదలుపెట్టారు. హోటళ్లలో గదులు ఊడ్చేవాళ్లు, ఇళ్లలో ముసలివాళ్లను చూసుకునేవాళ్లు, ఆసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీ ఆడవాళ్లు. వదిన వాళ్లను బల్లమీద కూర్చోబెట్టి మాట్లాడనిచ్చేది. "ఘాటుగా రాయండి వదినా" అని ఎవరన్నా అంటే ఆవిడకు ఒళ్లు మండేది. "ఘాటు కావాలంటే అతిథిగృహానికి వెళ్లండి, అక్కడ దొరుకుతుంది. ఇక్కడ జరిగింది చెప్పండి" అనేది. ఒక్కోసారి ఆ విసురుకి మంచివాళ్లు కూడా నొచ్చుకుని లేచిపోయేవాళ్లు. పొడుగామె వాళ్ల వెంట వీధి చివరిదాకా పోయి, బతిమాలి వెనక్కి తీసుకొచ్చేది. ఏ కాగితం కింద ఎవరి పేరూ ఉండేది కాదు. ఏ పని చేసేవాళ్లు అడుగుతున్నారో అదే పేరు.

లాండ్రీ వాళ్లది చేతుల గొడవ. రక్తపు దుప్పట్లు, సూదులు చిక్కుకున్న గలీబులు వట్టి చేతులతో విడదీస్తున్నారు. తొడుగులు అడిగితే కాంట్రాక్టరు, "మీ చేతులేం పట్టుచీరలా?" అన్నాడు. ఆ మాటని ఉన్నదున్నట్టు పైన పెద్ద అక్షరాల్లో పెట్టారు. కింద, సూది గుచ్చుకుని ఒకామె జ్వరంతో పడిపోయిన సంగతి. ఎవరో ఒక మహానుభావుడు ఆ మాట చాలా గొప్పగా ఉందని, ఎవరు రాశారని అడిగాడు. "కాంట్రాక్టరు" అంది వదిన.

పొద్దున షిఫ్టు మారే వేళకి వదిన, పొడుగామె, ఇద్దరు లాండ్రీ ఆడవాళ్లు గేటు దగ్గర నిలబడి పంచారు. కాంట్రాక్టరు కారు వస్తోందని చూసి సెక్యూరిటీ గార్డు పరుగెత్తుకొచ్చాడు. వదిన చేతిలోంచి ఒక కట్ట లాక్కుని, కారు అద్దాల్లోంచి కనపడేలా రెండు కాగితాలు పరపరా చించి గాల్లోకి విసిరాడు. కారు లోపలికి పోయింది. గార్డు వెనక్కి తిరిగి, మిగిలిన కట్టలోంచి ఒక కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, కట్ట ఆవిడ చేతికి తిరిగిచ్చాడు.

"మా ఆవిడ కూడా లోపల ఉతుకుతుందమ్మా" అన్నాడు, మొహం పక్కకి పెట్టుకుని.

"మరి ఆ రెండూ చించడం ఎందుకయ్యా?"

"ఉద్యోగం కదమ్మా."

వదిన అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆ చూపుకి అతను టోపీ సర్దుకున్నాడు. "ఇదిగో" అని ఇంకొన్ని అతని చేతిలో కుక్కింది. "చింపినవాటికి బదులు ఇవి లోపల పంచు. చించేది కూడా నువ్వేగా, నిన్ను ఎవరూ అనుమానించరు."

గార్డు అటూ ఇటూ చూసి వాటిని టోపీలో దాచుకున్నాడు. ఆ మధ్యాహ్నమే లాండ్రీ లోపల గలీబుల బుట్టల్లో కరపత్రాలు కనిపించాయి. వానలు మొదలయ్యేలోపు చేతి తొడుగులు కూడా వచ్చాయి. నాసిరకానివే. మొదటి వారానికే వేళ్ల దగ్గర చిరిగాయి. వదిన అప్పటికే కొత్త స్టెన్సిల్ ఎక్కించి కూర్చుని ఉంది.